ఖమ్మము - భద్రాచలపు అడవి సరిహద్దున కథోలికుల గృహజపములు

ఒక మత మొక సీమలో వేరూనిన చరిత్రమును వ్రాయువారు సాధారణముగ మూడు విధములైన యాధారములను వెదకుదురు: కట్టడములు, గ్రంథములు, పట్టికలు. దేవాలయ మే యేట కట్టబడెను, గురువే యేట వచ్చెను, జ్ఞానస్నానము లెన్ని జరిగెను అను ప్రశ్నలకు సమాధానము దొరకినంతనే చరిత్రము ముగిసినదని తలంతురు. ఖమ్మము మొదలుకొని భద్రాచలము వఱకు గల యడవి సరిహద్దున కథోలికమతచరిత్రము నీ పద్ధతిని వ్రాసినచో నది మిక్కిలి స్వల్పమైన దగును. ఏలయన నీ సీమలో నా మతము చిరకాలము దేవాలయములందు గాక యిండ్లయందు నివసించినది. గురువు సంవత్సరమున కొన్ని దినములు మాత్రము కనబడువాడు. జపము ప్రతి సాయంకాలమును వినబడునది. గురువు రాకపోకలకు లెక్క గలదు, జపమునకు లెక్క లేదు. లెక్క లేనిదానిని చరిత్రకారులు విడిచిరి.

ఇందు విచారింపదగిన విశేషము మఱియొకటి కలదు. 1960 ప్రాంతము వఱకు కథోలిక దేవాలయమున దివ్యబలిపూజ లాటినుభాషలో జరుగుచుండెను. ఉపదేశము, కీర్తనలు తెలుగున నున్నను, బలిపీఠము చెంత గురువు పలికిన భాష లాటిను. ఇంటియందు కుటుంబము పలికిన భాష తెలుగు. కావున తెలుగు కథోలికుల భక్తిభాష యేర్పడిన తావు దేవాలయము కాదు, గృహము. భాషాచరిత్రజ్ఞులకును మతచరిత్రజ్ఞులకును సమానముగ నుపయోగించు నీ విషయము తగినంత పరిశీలనము నొందలేదు.

మొదట సీమను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఖమ్మము మున్నేటి యొడ్డున నున్న పట్టణము. అచ్చటనుండి యీశాన్యముగ పోవుకొలది మెట్టపొలములు తఱిగి యడవి దట్టమగును. కొత్తగూడెము, పాల్వంచ, బూర్గంపాడు దాటిన పిమ్మట గోదావరి. ఆవలి యొడ్డున భద్రాచలము. ఈ నది కేవలము నీటిసరిహద్దు కాదు, రాజ్యముల సరిహద్దు గూడ నయ్యెను. 1860లో నైజాము భద్రాచలపు తాలూకాను ఆంగ్లేయుల కిచ్చెను. అది మొదట మధ్యపరగణాలలోని యెగువ గోదావరి మండలమునను, 1874 నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి మండలమునను చేరియుండెను. ఈవలి యొడ్డు నైజాము రాజ్యముననే, వరంగల్లు జిల్లాలో నుండెను. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడెను. 1959లో భద్రాచల మందు గలిసెను. 2014లో భద్రాచలపు పట్టణము తెలంగాణమున నుండగా దాని చుట్టునున్న మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు బదిలీ యయ్యెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేఱుపడెను. నూటయేబదియేండ్లలో నిన్నిమాఱులు చేతులు మాఱిన సీమకు ఒక కచ్చేరిలో సమగ్రమైన పత్రసంచయము దొరకుట దుర్లభము.

మార్గముల స్థితియు నట్టిదే. 1889 ప్రాంతమున సికిందరాబాదు - బెజవాడ రైలుమార్గము ఖమ్మము మీదుగ నడచుట కారంభించెను; సింగరేణి బొగ్గుగనులకు డోర్నకలు నుండి శాఖ యేర్పడెను. రైలు దిగినచో నావల బండి, పడవ, కాలినడక. భద్రాచలమునొద్ద గోదావరిమీద వంతెన 1965లో గాని సిద్ధము కాలేదు. అంతవఱకు వానకాలమున వరద వచ్చినచో నీవలి గురువు నావలి పల్లెకు పోలేడు. గురువు పోలేని యా నెలలలో బిడ్డలు పుట్టుచునే యుండిరి, ముసలివారు మరణించుచునే యుండిరి. అట్టి సమయమున కుటుంబమే గుడియు, కుటుంబపెద్దయే పెద్దదిక్కును గావలసి వచ్చెను.

కథోలిక ధర్మశాస్త్ర మిందుకు కొంత యవకాశ మిచ్చినది. ప్రాణాపాయసమయమున నెవరైనను, స్త్రీయైనను పురుషుడైనను, శిరస్సుపై నీరుపోసి విహితవాక్యమును పలికి జ్ఞానస్నాన మీయవచ్చును. మంత్రసానికిని ఉపదేశికిని ఈ విధి నేర్పుట మిషనుల యాచారము. పుట్టిన గడియలోనే బ్రతుకునాస తప్పిన శిశువునకు గుడిసెలో నమ్మమ్మ పోసిన యా చెంబెడు నీరు, పిమ్మట గురువు పట్టికలో నెక్కినచో నొక పంక్తి. ఎక్కనిచో నదియును లేదు.

గురువులేని మతజీవన మీ సీమవారికే క్రొత్త కాదు. తెలుగుదేశమున కథోలికమతమున కది ప్రాచీనానుభవము. 18వ శతాబ్ది యారంభమున ఫ్రెంచి యేసుసభవారు కర్ణాటక మిషను పేర పుంగనూరు, కృష్ణాపురము మొదలగు తావుల పనిచేసిరి. వ్యాకరణము చదివినవారు మఱవరాని కూర్దో పాతిరి (1691 - 1779) యీ మిషనువాడే. సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో గల బంధుత్వమును 1767లో పారిసు పండితపరిషత్తునకు వ్రాసి తెలిపినవాడితడు. 1773లో పోపు ఆ సభను రద్దుచేసెను. పారిసు విదేశ మిషనువారు తరువాత భారము వహించినను, గురువుల సంఖ్య మిక్కిలి తక్కువ. రాయలసీమ నుండి కృష్ణా గుంటూరు సీమల వఱకు చెదరియున్న కథోలిక కుటుంబములు తమ మతమును నిలుపుకొన్నది ముఖ్యముగ నింటిజపములచేతను, ఉపదేశుల చేతను.

ఈ గృహదృష్టికి తెలుగు సాహిత్యమునందే సాక్ష్యము గలదు. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనము క్రీస్తుచరిత్రమును చెప్పిన కావ్యముగ ప్రసిద్ధము. పింగళి ఎల్లనార్యుని సర్వేశ్వర మాహాత్మ్యమునకు తోభ్యాచరిత్ర మని నామాంతరము. దాని కృతిపతి తుమ్మ రాయపరెడ్డి. తోభ్యాగ్రంథము కథోలికుల బైబిలులో నున్నది. ప్రొటెస్టంటుల బైబిలులో లేదు. అందు రాజులు, యుద్ధములు ప్రధానములు కావు. పరదేశమున చెఱలోనున్న యొక గృహస్థుడు మృతులను పాతిపెట్టుట, భిక్ష మిడుట, కుమారునికి బుద్ధి చెప్పుట, ఆ కుమారుడు పెండ్లిరాత్రి భార్యతో గూడి ప్రార్థించుట, ఇవియే యందలి విషయములు. గురువు లేని చోట గృహమెట్లు ధర్మమును కాపాడునో చెప్పు కథను తెలుగుకవి యొకడు కావ్యముగ వ్రాయుట, తెలుగు గృహస్థు డొకడు దానిని కృతిగొనుట, యాదృచ్ఛిక మనరాదు.

ఆ కృతిపతి పేరును గూర్చి యొకమాట. పేతురు అను గ్రీకుశబ్దమునకు రాయి యని యర్థము. తెలుగు తమిళ కథోలికులలో పేతురునకు రాయప్ప యనియు, పౌలునకు చిన్నప్ప యనియు, యోహానునకు అరుళప్ప యనియు పేరులు గలవు. లాటినున పౌలుశబ్దమునకు చిన్నవాడని యర్థము. యోహాను శబ్దమున దైవానుగ్రహము గర్భితము. తమిళమున అరుళ్ అనగా ననుగ్రహము. శౌరి యను పేరు ఫ్రాన్సిసు శౌరి నుండి వచ్చినది. ఆంధ్రదేశమున రాయప్ప, చిన్నప్ప, శౌరయ్య, శౌరమ్మ యను పేరులు వినబడిన చోట నా యింటి మత మెన్ని తరముల నాటిదో కొంత యూహింపవచ్చును. కోస్తాజిల్లాల నుండి భూములు కొని ఖమ్మము సీమకు వచ్చిన కథోలిక రైతులు బండ్లలో తెచ్చుకొన్న సామగ్రిలో నీ పేరులును, ఈ జపములును గూడ గలవు.

నైజాము రాజ్యమున మిషను వేఱుదారిని వచ్చెను. 1851లో హైదరాబాదు ప్రత్యేక వికారియాతు అయ్యెను. 1855లో ఇటలీదేశపు మిలాను నగరము నుండి మిషనరీలు వచ్చిరి. 1886లో హైదరాబాదు మేత్రాసన మయ్యెను. ఖమ్మము ప్రాంతము దానికి లోబడియుండెను. 1952లో వరంగల్లు మేత్రాసనమును, 1988లో ఖమ్మము మేత్రాసనమును ఏర్పడినవి. అనగా హైదరాబాదు పీఠమునకును ఖమ్మము పీఠమునకును నడుమ నూటరెండేండ్ల కాలము కలదు. ఆ కాలమంతయు పీఠాధిపతి దూరమునందే యుండెను. విచారణ గురువున కెన్నో పల్లెలు, ఒక గుఱ్ఱమో యొక బండియో. ఆ నడుమను నింపినవాడు ఉపదేశి. నింపినది గృహము.

ఇదే సీమలో ప్రొటెస్టంటుల ప్రయత్నము వేఱు విధముగ సాగెను. గోదావరి నౌకాయానపు పనులకై వచ్చిన హేగు అను ఇంజనీరు ప్రోత్సాహమున 1860 ప్రాంతమున దుమ్ముగూడెములో కోయల నడుమ చర్చి మిషనరీ సొసైటీ పని యారంభమయ్యెను. వారు బడి పెట్టిరి, చదువు నేర్పిరి. శతాబ్ది ముగియకమునుపే సువార్తభాగమును కోయభాషలోనికి తెచ్చిరి. వారి గృహభక్తికి గ్రంథపఠనము మూలము. కథోలికుల గృహభక్తికి కంఠపాఠము మూలము. 1951 జనాభాలెక్కనాటికి హైదరాబాదు రాజ్యమున నూటికి పదిమంది యైనను అక్షరాస్యులు లేరు. అట్టిచోట పుస్తక మక్కఱలేని భక్తికి గల బలము స్పష్టము. ఐనను కంఠపాఠమున కొక లోపము కూడ గలదు: కోయగూడెములలోని కథోలిక కుటుంబములకు జపము తల్లిభాషలో గాక తెలుగున వచ్చెను. తల్లి బిడ్డను కోయభాషలో జోకొట్టి, జపమునకు తెలుగునకు మాఱవలసి వచ్చెను. లాభనష్టములు రెండును లెక్కింపవలెను.

ఇంటిజపములలో ముఖ్యమైనది జపమాల. దాని క్రమము సులభము. స్లీవగుఱుతు, విశ్వాససంగ్రహము, ఒక పరలోకజపము, మూడు మంగళవార్త జపములు. పిమ్మట నైదు పదులు. ప్రతి పదికి మొదట నొక పరలోకజపము, పది మంగళవార్తలు, తుద నొక త్రిత్వస్తోత్రము. మొత్తము పరలోకజపము లాఱు, మంగళవార్తలు ఏబదిమూడు. ప్రతి పదికి నొక దేవరహస్యమును తలంపవలెను. సంతోష, దుఃఖ, మహిమ రహస్యములు చేరి పదునైదు. వాని మంగళవార్తలు నూటయేబది. దావీదు కీర్తనలు నూటయేబది గనుక చదువురానివారి కీర్తనగ్రంథ మిదియే యని పూర్వులు చెప్పుదురు. 2002లో రెండవ జాన్ పాల్ పోపు వెలుగు రహస్యముల నైదింటిని చేర్చుటచే నవి యిరువది యయ్యెను.

ఇంటిలో నిది నడచు తీరును గమనింపవలెను. గోడకు తిరుహృదయపటము, దేవమాత స్వరూపము; ముందొక దీపము; క్రింద చాప. మంగళవార్తజపము రెండు భాగములు. మొదటిభాగము ముందు చెప్పువారిది, రెండవభాగము తక్కినవారిది. పది పదికిని ముందు చెప్పువారు మాఱుదురు. తండ్రి యొక పది, అవ్వ యొక పది, ఎనిమిదేండ్ల పిల్ల యొక పది. గ్రామసభలో నోరు విప్పనీయబడని కోడలు ఇచ్చట నందఱిని నడపును. మామగారు ప్రత్యుత్తర మిచ్చును. తప్పు చెప్పిన పిల్లను అవ్వ సరిదిద్దును. గురుకులమున వేదపాఠ మే విధముగ నోటినుండి చెవికి పోవునో, ఇదియు నా విధముగనే పోవును. పూసలు లెక్కను కాపాడును, నోరు మాటను కాపాడును.

ఈ గృహభక్తికి రోమునుండి వచ్చిన ప్రోత్సాహములు కొన్ని. 1883లో పదుమూడవ లియో పోపు అక్టోబరు మాసమును జపమాల కొఱకు నియమించెను. తిరుకుటుంబభక్తి నింటింట నెలకొల్పుటకై 1892లో నొక సమాజము నేర్పఱచెను. 1907లో మతేయో గురువు ఇండ్లలో తిరుహృదయపటమును ప్రతిష్ఠించు నుద్యమము నారంభించెను. ఈ తిథులు పాశ్చాత్యములైనను, అడవిసీమలో నవి వ్యవసాయపు తిథులతో కలిసినవి. మే దేవమాత మాసము; అదే తునికాకు కాలము. తెల్లవారకమునుపే యడవికి పోయి, పగలెల్ల కోసి, సాయంకాలము కట్టలు కట్టినవారికి జపము రాత్రికి జరుగును. ఫిబ్రవరి 11న బెజవాడ సమీపమున గుణదల మాత యుత్సవము. ఆ క్షేత్రము 1924లో నారంభమైనది. ఖమ్మము సీమలో నది మిరప కోతల కాలము. పోలేనివారి కింటనే నవదినప్రార్థన. తపస్కాలమున స్లీవమార్గము, నవంబరు 2న సమాధులయొద్ద దీపములు.

ఇక శబ్దవిచారము. ధాతుపాఠమున జపధాతువునకు రెండర్థములు చెప్పబడినవి: స్పష్టముగ పలుకుట యొకటి, మనస్సున ననుకొనుట యొకటి. జపమాలయందు నోరు మంగళవార్తను పలుకుచుండగా మనస్సు దేవరహస్యమును తలంచును. ధాతువుయొక్క యర్థద్వయము నొకేకాలమున సార్థకము చేయు నీ ప్రయోగమును కల్పించినవారు సంస్కృతమెఱిగినవారే యై యుందురు. స్లీవ, సిలువ యనునవి సంస్కృతములు గావు, దేశ్యములు గావు. సిరియాభాషలోని స్లీబా దక్షిణమునకు వచ్చి యట్లు మాఱినది. పాతిరి పోర్చుగీసు. తిరుసభ, తిరుహృదయము, తిరుకుటుంబములలోని తిరు తమిళమున శ్రీశబ్దార్థమున వాడబడునది. ఆ తిరుశబ్దమే వైష్ణవుల ద్వారమున భద్రాచలమునకు వచ్చి తిరునాళ్లు, తిరువారాధనము, తిరుప్పావై యైనది. ఒకే నదియొడ్డున రామాలయమునను, కథోలికుని గుడిసెయందును ద్రవిడదేశమునుండి వచ్చిన యొకే శబ్దము పవిత్రార్థమున వినబడుచున్నది. ఒకరినుండి యొకరు తీసికొనలేదు. ఇరువురును దక్షిణమునుండియే తెచ్చుకొనిరి.

అన్నిటికంటె విచార్యమైనది అర్చ్యశిష్టశబ్దము. పూజ్యులైన పుణ్యపురుషులకు పూర్వపు తెలుగు కథోలికు లుంచిన పేరిది. శిష్టు డెవ్వడని పతంజలి పృషోదరాదిసూత్రభాష్యమున విచారించెను. ఆర్యావర్తనివాసి, కుండెడు ధాన్యముకంటె నెక్కువ దాచనివాడు, లోభము లేనివాడు, ప్రయోజనాపేక్ష లేకయే విద్యాపారగుడైన బ్రాహ్మణుడు శిష్టుడని యతని తాత్పర్యము. ఈ సీమ కథోలికులలో దళితకుటుంబములు పెక్కు. వేదాధ్యయనమునకే గాక సంస్కృతోచ్చారణమునకే దూరముగ నుంచబడినవారి సంతతి, కుండెడు ధాన్యమే యున్న గుడిసెలో, దీపము ముందు కూర్చుండి, శిష్టశబ్దమును ప్రతిరాత్రి శుద్ధముగ పలికినది. పండితులు కాపాడితిమని తలంచిన శబ్దము పండితులెఱుగని తావున గూడ కాపాడబడినది. సంస్కృతవ్యాప్తి చరిత్రమును వ్రాయువారు దీనిని విడువరాదు.

పట్టికలు గృహమునకు సరియైన కొలత కావనుటకు మఱియొక కారణము గలదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల ప్రతిపత్తిని హిందువులకు పరిమితము చేసెను. అది 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపబడెను, క్రైస్తవులకు విస్తరింపబడలేదు. తెలుగురాష్ట్రములలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారు వెనుకబడిన తరగతుల సి వర్గమున లెక్కింపబడుదురు. షెడ్యూల్డు తెగలకు మతనిబంధన లేదు. కావున కోయకుటుంబము తన మతమును చెప్పుకొన్నను కోల్పోవున దేదియు లేదు. దళితకుటుంబమునకు బిడ్డల చదువు, ఉద్యోగము దానిమీద నాధారపడియున్నవి. ప్రభుత్వపత్రమున వ్రాయబడిన మతమును, సాయంకాలము చాపమీద పలుకబడిన మతమును ఒకటి కానిచోట, తప్పు కుటుంబముపై మోపుట సుకరము, న్యాయము కాదు. చరిత్రకారుడు చేయవలసినది పత్రముతోపాటు చాపను గూడ సాక్ష్యముగ గ్రహించుట.

1963 డిసెంబరు 4న రెండవ వాటికను మహాసభ యారాధనక్రమ శాసనమును ప్రకటించెను. కొలదియేండ్లలో బలిపూజ తెలుగున జరుగనారంభించెను. 1964లో నా సభయే కుటుంబమును గృహసభ యని పేర్కొనెను. ఈ రెండు పరిణామములలో నొక వైపరీత్యము గలదు. గృహమునకు గౌరవనామము లభించిన కాలముననే, గృహమునకు మాత్రమే యున్న తెలుగుజపాధికారము దేవాలయమునకును సంక్రమించెను. క్రొత్త యనువాదములు వచ్చెను. జపము ప్రార్థన యయ్యెను. సర్వేశ్వరుడు దేవు డయ్యెను. అర్చ్యశిష్టులు పునీతు లైరి. సుబోధకత్వ మను లాభమును కాదనరాదు. ఐనను పాతమాటలతో జపము నేర్చిన యవ్వ, క్రొత్తమాటలతో నేర్చిన మనుమరాలు ఒకే చాపమీద కూర్చుండినప్పుడు, ముందు చెప్పువారి వాక్యమునకును ప్రత్యుత్తరమునకును పొత్తు కుదురదు. అప్పుడు సాధారణముగ నూరకుండున దవ్వయే. దీనికి తోడు వసతిగృహములలోని చదువు, పట్టణములకు వలస, రాత్రివేళ టెలివిజను. వలసపోయిన బిడ్డలతో ఫోనులో జపమాల చెప్పుకొను కుటుంబములును గలవు. గృహము గోడలకు మాత్రము కట్టుబడినది కాదనుట కిది నిదర్శనము.

పరిశోధకుల కిందు కర్తవ్యము స్పష్టము. శాసనములు, తాళపత్రములు చెడిపోవుచున్నవని సాహిత్యపరిషత్తులు పూర్వము శ్రమపడి సేకరించినవి. ఈ జపముల పాతపాఠములకు తాళపత్రము లేదు. ముసలివారి నాలుకయే పత్రము. ఏ పల్లెలో నే పాఠము, ఏ పదమున కే పాఠాంతరము, ఎవరియొద్ద నెవరు నేర్చిరి, కోయ యిండ్లలో నుచ్చారణ మెట్లు మాఱినది, ఈ విషయములను విని వ్రాసికొనుటకు పెద్ద ధనమక్కఱలేదు. మతాభిమానమును గాని, మతద్వేషమును గాని యిందుకు తేవలసిన పని లేదు. సాయంకాలము దీపము పెట్టు వేళకు పోయి, చాప యంచున కూర్చుండి, అవ్వ పది ముగియు వఱకు వినుట చాలును.